చున్మే పరిచిన పచ్చిక

తాక్ చున్మే వాళ్ళమ్మ కాన్పు కష్టమై పోయేనాటికి చున్మేకి ఏడేళ్ళు. పోవడం కూడా నట్టనడి చలికాలంలో పోయింది. మా నెంగోల్ కొండల్లో ఆ రోజుల్లో పార వేస్తే నేల తెగదు, పారే వంకర పోతుంది. అందుకని పోడు గుడిసెల మగవాళ్ళు చీలిన బండ పక్కన పైన్ దుంగలు పేర్చి నిప్పు పెట్టారు. పొద్దున రాజేసిన మంట సాయంత్రానికి నేలని కాస్త మెత్తబరిచింది. ఆ వెచ్చటి గోతిలో తల్లినీ, కళ్ళు తెరవని బిడ్డనీ కలిపి పెట్టి మట్టి కప్పారు. అంతసేపూ చున్మే ఆ మంట దగ్గర చేతులు కాచుకుంది. అమ్మ గొయ్యి కోసం వేసిన మంట దగ్గర చలి కాచుకున్నానని ముసలిదయ్యేదాకా తనని తాను తిట్టుకుంటూనే ఉంది. పిచ్చి మనిషి, ఏడేళ్ళ పిల్లకి చలేస్తే కాచుకోదూ?

మట్టి కప్పారు గానీ పచ్చిక కప్పలేదు. మాకు ఉత్త మట్టిదిబ్బ సమాధి కాదు. దాని మీద గడ్డిపెళ్ళలు పరచాలి, అవి వేళ్ళు దించుకుని నేలని పట్టుకోవాలి. అప్పుడే పోయిన మనిషికి నెత్తిన కప్పు ఉన్నట్టు. చలికాలంలో గడ్డిపెళ్ళలు ఎక్కణ్ణుంచి వస్తాయి? "చద్దన్నం రోజున తెచ్చి వేద్దాంలే తల్లీ" అన్నాడు తండ్రి. పొయ్యి రాజెయ్యకుండా చల్లన్నం తినే ఆ పండుగ వసంతం మొదట్లో వస్తుంది. మావాళ్ళు పచ్చిక వేసేది ఆనాడే.

ఆ పండుగ రాకముందే తండ్రి కూతుర్ని తీసుకుని బొగ్గుగనుల ఊరికి బతకబోయాడు. కొన్నేళ్ళకి ఆ గనిలోనే పోయాడు. వెనక పోడు గుడిసెల్ని సర్కారు ఖాళీ చేయించి అడవిలో కలిపేసింది. చున్మే కళ్ళలో మిగిలింది బోడి మట్టిదిబ్బ, దాని మీద రాలుతున్న మంచు. గనుల ఊళ్ళో ఎవరింట్లో అంట్లు తోముతున్నా, తొలిమంచు పడితే చాలు, "మా అమ్మకి చలేస్తూ ఉంటుంది" అనుకునేది.

పెళ్ళీడు వచ్చాక సంబంధాలు చూసే ఆవిడ రెండు ఇళ్ళ పేర్లు చెప్పింది. ఒకటి గనుల ఊళ్ళోనే, కరెంటు దీపాలున్న ఇల్లు. రెండోది మా నెంగోల్‌లో మున్ వాళ్ళది, బంగాళాదుంపల సేద్యం, పొగచూరిన కప్పు. పెళ్ళికొడుకులు ఎలా ఉంటారని చున్మే అడగలేదు. "నెంగోల్ ఇంటి వెనక కొండెక్కి దిగితే చీలిన బండ ఒకటి ఉంటుందా?" అని అడిగింది. ఆవిడ తెల్లబోయి, "బండలకేం లోటు తల్లీ, అక్కడ కావలసినన్ని" అంది. చున్మే తల ఊపేసింది. తనకన్నా ఒక బండ ఎక్కువ నచ్చి ఈ పిల్ల తనని చేసుకుందన్న సంగతి చాలా ఏళ్ళకి తెలిసి, పెళ్ళికొడుకు మున్ బోంగ్సు పడీపడీ నవ్వాడు.

కాపురానికి వచ్చిన మొదటి వేసవిలోనే ఆమె కొండ దాటింది. గుడిసెల ఆనవాలు లేదు. దారి మూసుకుపోయింది. చీలిన బండ మాత్రం ఉంది, దాని ఎగువ పక్క తుప్పల్లో ఎత్తుగా ఒక దిబ్బ ఉంది. ఏడేళ్ళ పిల్ల కంటికి అమ్మ దిబ్బ కొండంత కనిపించింది కదా, ఇదీ అంతే ఎత్తుంది. నాచు పట్టి, మాచిపత్రి మొలిచి, మందుకైనా ఒక్క గడ్డిపరక లేకుండా ఉంది. చున్మే దాని మీద పడి ఏడ్చింది. "వచ్చానే అమ్మా. ఇంక నీకు చలెయ్యనివ్వను" అంది.

అత్తగారు ఊరుకుంటుందా? పెళ్ళయి గడప దాటిన ఆడపిల్ల పుట్టింటి సమాధి జోలికి పోకూడదు, అది కొడుకుల పని అని మా దగ్గర కట్టుబాటు.

"ఆరు తరాల మున్ వాళ్ళు మన కొండ మీద పడుకునున్నారు. వాళ్ళ నెత్తిన కలుపు తీసే దిక్కు లేదు గానీ పుట్టింటి సమాధికి పరిగెడతావా? ఊరు మనల్ని దేన్ని చూసి కొలుస్తుందో తెలుసా? గాదెలో గింజల్ని చూసి కాదు, సమాధుల మీది గడ్డిని చూసి."

"ముందు మీవాళ్ళవి చేసే వెళ్తాను అత్తయ్యా. ఒక్క కలుపు మొక్క కనబడితే చెప్పండి, ఆ పూట అన్నం మానేస్తా."

"నువ్వు మానేస్తే నా కొడుకూ మానేస్తాడు, వాడి వెనక నేనూ మాడాలి. పో పో, మాటలు నేర్చిన దానా!"

పల్లపు ఊళ్ళవాళ్ళు పచ్చిక పెంచడమంటే చాప పరిచినంత సులువనుకుంటారు. మా చలికి అది ఏడాదిలో ఐదు నెలలే పచ్చగా ఉంటుంది. మిగతా కాలమంతా ఎండుగడ్డి రంగులో చచ్చినట్టు పడి ఉంటుంది. చచ్చిందో, నిద్రపోతోందో తేలాలంటే మే నెల చివరిదాకా ఆగాల్సిందే. అంతకు ముందే ఈ కొండల మీద పచ్చరంగు చూశానన్నవాడు కల్లు తాగైనా ఉండాలి, అబద్ధమైనా ఆడుతుండాలి.

మొదటి వసంతంలో పెళ్ళలు మోసింది బోంగ్సు. చద్దన్నం రోజున పొలం గట్టు మీది గడ్డిని చదరంగా కోసి, వీపు మీది కర్రచట్రానికి కట్టుకుని, పైన గోనె కప్పి బయల్దేరాడు. "ఎక్కడికిరా?" అంది తల్లి. "పుట్టగొడుగులకి." "ఈ మంచులో పుట్టగొడుగులేంట్రా?" "మొలిచాయేమో చూసొస్తానమ్మా." "వెళ్ళేటప్పుడే నిండుగా ఉందేంట్రా మోపు?" బోంగ్సు దగ్గుకుంటూ కొండెక్కేశాడు. మహా మాటకారి ఏమీ కాడు గానీ, మోపు మాత్రం దించలేదు.

ఆ ఏడు వేసిందంతా పోయింది. పగలు కరిగి రాత్రి గడ్డకట్టే నేల పొంగుతుంది. పొంగినప్పుడల్లా పెళ్ళని పైకి ఎత్తేస్తుంది. వేళ్ళు గాలిలో వేలాడి ఎండిపోతాయి. అలా లేచినప్పుడల్లా పోయి కాళ్ళతో తొక్కి మళ్ళీ నేలకి అంటించాలని చున్మేకి అప్పుడు తెలియలేదు. మరుసటి ఏడు తొక్కింది. ఆ వేసవికి పచ్చిక బతికినట్టే బతికి, నీడకి పలచబడి నాచు పాలైంది. బండ మీదికి వాలిన పెద్ద పైన్ చెట్టు ఎండని రానివ్వదు. అడవి సర్కారుది, కొమ్మ తుంచినా తప్పే. ఒక శీతాకాలం తర్వాత ఆ చెట్టు కాస్తా నేల మీద కనిపించింది. అడవి గార్డు ఇంటికొచ్చాడు.

"చెట్టు ఎవరు కొట్టారు?"

"గాలికి పడిందండీ" అంది చున్మే.

"గాలి రంపం పట్టుకొచ్చిందా? మొదలు నున్నగా కోసుంది."

"మా కొండ గాలి అలాంటిదేనండీ, చర్మం కూడా కోస్తుంది. లోపలికి రండి, బంగాళాదుంప అట్టు వేడిగా ఉంది."

గార్డు అట్టు తిన్నాడు. రెండోదీ తిన్నాడు. గాలిని నాలుగు తిట్టి వెళ్ళిపోయాడు.

ఎండ పడ్డాక పచ్చిక నిలదొక్కుకుంది. ఇంతలో పురుగుల కోసం అడవిపందులు దిగి దిబ్బని దున్నేశాయి. చున్మే మళ్ళీ వేసి, చుట్టూ బోంగ్సు చెమట చొక్కాలు వేలాడదీసింది. "నా వాసనకి పందులు కూడా పారిపోతాయని ఊరంతా చాటింపు వేశావు కదే" అని అతను ఏడుపుమొహం పెట్టాడు. పందులు మాత్రం నిజంగానే రాలేదు. నాచుకి పొయ్యి బూడిద చల్లింది. పెళ్ళల సందుల్లో వాగు ఇసుక కూరింది. మాచిపత్రిని వేరు తెగకుండా చేతిపారతో పెకలించింది. తెగితే ముక్కకో మొక్క లేస్తుంది. అలా ఏళ్ళు గడిచాక, ఒక వేసవి చివర ఆ దిబ్బ అంచు నుంచి అంచుదాకా, ఒత్తుగా, పొట్టిగా, అరచెయ్యి పెడితే మట్టి తగలనంత పచ్చగా కప్పుకుంది. చున్మే దాని పక్కన వెల్లకిలా పడుకుని మధ్యాహ్నమంతా నిద్రపోయింది. పెళ్ళయ్యాక అంత హాయిగా ఎప్పుడూ నిద్ర పట్టలేదని ఇంటికొచ్చి చెప్పింది.

కబురు ఊళ్ళో పాకింది. ఒక శరత్కాలం అత్తగారే కర్ర పట్టుకుని కొండ దాటి వచ్చింది. దిబ్బ చుట్టూ ఒకసారి తిరిగింది. వంకపెట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని వంగి కూడా చూసింది. చివరికి ఆయాసంగా కూలబడి, "నేను పోతే నా మీదా నువ్వే వెయ్యి. వాళ్ళకీ వీళ్ళకీ అప్పజెప్పకు" అంది. ఆవిడ నోటి నుంచి అంతకు మించిన మెచ్చుకోలు మా ఊళ్ళో ఎవరూ వినలేదు.

అత్తగారి మీద వేసింది. కాలం తిరిగి బోంగ్సు మీదా వేసింది. అతన్ని మున్ వాళ్ళ కొండ మీద పెట్టినప్పుడు, మా వైపు చాలామంది చేసినట్టే, పక్కన భార్య కోసం ఖాళీ దిబ్బ ఒకటి కట్టించి దానికీ పచ్చిక పరిచారు. మొగుడి దిబ్బ కలుపు తీస్తూ తన దిబ్బదీ తీసుకునేది చున్మే. "నా పక్క నేనే దులుపుకుంటున్నా" అని నవ్వేది. అక్కడి పని అయ్యాక మోకాళ్ళు పట్టుకుని కొండ అవతలికి పోయేది.

కొడుకు కిసోప్‌కి ఇదంతా వెర్రిలా ఉండేది. వాడు బంగాళాదుంపల లారీ తోలేవాడు. శరత్కాలపు పండుగ ముందు మోటారు యంత్రం భుజాన వేసుకుని మున్ వాళ్ళ సమాధులన్నీ ఒక్క పూటలో గొరిగేసి, చెమట తుడుచుకుని, "అందరూ ఎముకలు తవ్వి తీసి కాల్చి బూడిద భద్రం చేసుకుంటున్నారమ్మా. నీ తర్వాత ఈ కొండలెక్కేదెవరు?" అనేవాడు.

"నువ్వే."

"నా నడుం చూశావా?"

"చూశా. అన్నం దగ్గర బాగానే వంగుతుంది."

ఆ ఏడు వసంతంలో అధిక మాసం వచ్చింది. ఆ నెలలో ఏ శక్తులూ మనిషి మీద కన్నెయ్యవని మా నమ్మకం. సమాధి కదిలించాలనుకున్నవాళ్ళు ఆ నెల కోసం ఏళ్ళ తరబడి కాచుకుంటారు. చద్దన్నం రోజు కూడా అందులోనే పడింది. కిసోప్ అడవి బాట దాకా లారీలో దించి అక్కడే ఆగితే, అక్కణ్ణుంచి చున్మే బియ్యం కల్లు సీసా, ఎండుచేప, చేతిపార సంచిలో వేసుకుని మెల్లగా ఎక్కింది. బండ దగ్గర మనుషుల అలికిడి వినబడింది. వెళ్ళి చూస్తే ఒకడు పార ఎత్తి దిబ్బ భుజం మీద నరుకుతున్నాడు. అప్పటికే సగం పచ్చిక ముక్కలై మట్టిలో దొర్లుతోంది.

"ఆగండ్రా! ఏం చేస్తున్నారు మా అమ్మని!"

పార పట్టినవాడు గోతులు తవ్వే యోమ్, మాకు పక్క లోయవాడు. ఆ కేకకి పార వదిలేశాడు. అతని వెనక పైబడిన వయసులో ఉన్న ఒక పెద్దమనిషి, అతని కొడుకూ కోడలూ. పెద్దమనిషి పేరు ప్యో. దక్షిణాన సముద్రం ఒడ్డు నుంచి వచ్చారు.

"మీ అమ్మ ఏంటమ్మా, ఇది మా నాన్న సమాధి" అన్నాడు ప్యో. "దుంగలు కొట్టడానికి వచ్చి ఇక్కడ చనిపోయాడు. నా చేతుల్తో పెట్టాను. చీలిన బండకి ఎగువ పక్క."

"నా చేతులు చూడు" అంది చున్మే. వేళ్ళు వంకర తిరిగిన రెండు చేతులూ అతని మొహం ముందు పెట్టింది. "ఇవి ఇలా అయ్యింది ఎవరి మీద గడ్డి పెంచి అనుకుంటున్నావు? మీ నాన్న మీదా?" ఆ మాట అనేసి వెళ్ళి దిబ్బ మీద బోర్లా పడుకుంది. "ముందు నన్ను తవ్వండి, తర్వాత మా అమ్మని తవ్వుదురు గాని."

ప్యో కోడలు గబగబా కిందికి పోయి, లారీ దగ్గరున్న కిసోప్‌ని పిలుచుకొచ్చింది. వాడు వచ్చి తల్లిని లేవదియ్యబోతే వాడి చెయ్యి విదిలించింది. చివరికి యోమ్ ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"పెద్దమ్మా, నా మాట విను. ఎముక అబద్ధం చెప్పదు. మీ అమ్మ ఎలా ఉండేది?"

"చిన్న మనిషి. మా నాన్న చంక కిందికొచ్చేది."

"చిన్న మనిషే కనిపిస్తే నా చేతుల్తో నేనే మళ్ళీ కప్పి, నీకు దణ్ణం పెట్టి పోతా. వీళ్ళు ఎంత ఇచ్చినా ముట్టుకోను. సరేనా?"

చున్మే ఒంటి కింద పచ్చికని అరచేత్తో నిమురుతూ ఉండిపోయింది. మెల్లగా లేచి, "మెల్లగా తవ్వు. అమ్మకి దెబ్బ తగలకుండా" అంది.

యోమ్ మెల్లగానే తవ్వాడు. చివర్లో పార పక్కనపెట్టి చేతుల్తో మట్టి తీశాడు. ముందు పొగాకు పీల్చే గొట్టం ఇత్తడి తల ఒకటి దొరికింది. తర్వాత తొడ ఎముక. అంత పొడుగు ఎముక మొగుడి చంక కిందికొచ్చే మనిషిది కాదు. ప్యో ఆ గొట్టాన్ని గుండెకి ఆనించుకుని, "నాన్నా" అని ఏడ్చాడు. కాసేపటికి తేరుకుని చున్మే వైపు తిరిగాడు. వయసులో తనకన్నా చిన్నదని కూడా చూడకుండా, మోకాళ్ళు వంచి నుదురు నేలకానించి ఆమెకి మొక్కాడు.

"కొడుకునై ఉండి నేను చెయ్యలేదు చెల్లమ్మా. మా నాన్న దిక్కులేని పీనుగులా పడి ఉంటాడనుకున్నాను. నువ్వు రాజుని చూసినట్టు చూశావు. ఈ రుణం ఎలా తీర్చుకోను?"

పుండు మీద కారం అంటే అదే. అతను మంచి మనసుతోనే అన్నాడు. కానీ చున్మే మొహం చూడలేకపోయాం అని యోమ్ తర్వాత ఊళ్ళో చెప్పాడు.

"మీ నాన్నకి నేనేమవుతానయ్యా?" అంది. "ఏమీ కాను. నా ఒంట్లో సత్తువంతా ఆయనకే పోశాను. మొగుడి చొక్కాలు తెచ్చి ఆయన చుట్టూ కట్టాను. మరి మా అమ్మ ఏదయ్యా? మా అమ్మ ఎక్కడుంది?"

యోమ్ అప్పటికే బండ చుట్టూ చూస్తున్నాడు. తవ్వేవాడి కన్ను తవ్వేవాడిది. దిగువ పక్కన, కొద్ది అడుగుల దూరంలో, నడుమెత్తున చివికిన కుప్ప ఒకటి ఉంది.

"పెద్దమ్మా, ఈ చెత్త ఎవరు వేశారు?"

"నేనే. కోసిన గడ్డీ, పీకిన కలుపూ అక్కడే..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. యోమ్ కుప్పని ఒక పక్కకి లాగాడు. అడుగున దిగబడిపోయిన చిన్న దిబ్బ, పసిపిల్ల బోర్లా పడుకున్నంత ఎత్తు. చున్మే పాకుతూ వచ్చి చేతిపారతో దాని అంచు గీరింది. ఎర్రమట్టిలోంచి నల్లటి బొగ్గుముక్కలు రాలాయి. నేల మెత్తబడాలని మగవాళ్ళు వేసిన మంట బొగ్గులు. గోతిలో కప్పిన మట్టితో కలిసిపోయి, అన్నేళ్ళూ అక్కడే ఉన్నాయి.

ఆమె ఒక బొగ్గుముక్క అరచేతిలో పెట్టుకుని చూసింది. "అమ్మ నెత్తిన చెత్త పోశానురా కిసోప్" అంది. "కప్పుతా కప్పుతా అని వచ్చి, యాభై ఏళ్ళు మా అమ్మ నెత్తినే చెత్త పోశాను. పరాయివాడికి పచ్చిక, అమ్మకి చెత్త." ఆ మాటే అంటూ చివికిన గడ్డిని రెండు చేతులతో తోడి అవతల పోసింది. కొడుకు కూడా తోడాడు. మట్టి తేలేదాకా తోడారు.

ప్యో పట్నం నర్సరీ నుంచి మంచి పచ్చిక తెప్పిస్తానన్నాడు. "పల్లపు గడ్డి ఈ చలికి ఒక్క శీతాకాలం ఆగదు. ఈ కొండ మంచు తిన్నదే కావాలి" అంది చున్మే. తను పెంచిన పచ్చిక యోమ్ పారకి ముక్కలైపోయి గోతి మట్టిలో కలిసింది. గట్ల మీది గడ్డి ఎప్పుడో సిమెంటు కింద పోయింది. తెల్లారి కిసోప్ చూస్తే చున్మే మున్ వాళ్ళ కొండ మీద, బోంగ్సు పక్కన, తన ఖాళీ దిబ్బ మీద కూర్చుని పచ్చికని చదరంగా కోస్తోంది.

"అమ్మా! నీ సమాధి నువ్వే బోడి చేసుకుంటావా? ఊళ్ళో నన్నేమంటారు?"

"ఏమంటే అననీ. నాకు నువ్వున్నావు, నేను పోతే వేస్తావు. మా అమ్మకెవరున్నారు?"

"అది అశుభం అమ్మా..."

"బతికున్నదాన్ని, నాకెందుకురా ఇప్పుడు కప్పు? ఇంట్లో కప్పు కారితే ఎలాగూ నువ్వు బాగుచెయ్యవు. మోపు ఎత్తు."

కిసోప్ ఎత్తాడు. ఆ రోజే వేశారు. పెళ్ళకి పెళ్ళ ఆనించి, సందుల్లో ఇసుక కూరి, ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని తొక్కారు. రాత్రుళ్ళు ఇంకా నేల గడ్డకడుతూనే ఉంది. తల్లి ప్రతి పొద్దునా తొక్కడానికి వెళ్తానంటే, కొడుకు బంగాళాదుంపలు మానుకుని లారీలో అడవి బాట దాకా దించాడు. ఒక పొద్దున మంచు పట్టిన వాలులో చున్మే కాలు జారింది. తుంటి విరిగింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఇక మంచం దిగలేదు.

"నువ్వు వెళ్ళు. తొక్కి రా" అనేది. వాడు వెళ్ళేవాడు. మే నెల మొదట్లో లారీ పని మీద కొన్నాళ్ళు వెళ్ళలేకపోయాడు. తిరిగొచ్చి కొండెక్కితే, దిబ్బంతా పందులు దున్నేసి ఉంది. పెళ్ళలు తలకిందులై, వేళ్ళు పైకి ఎండి ఉన్నాయి. ఒక్కటి కూడా పనికొచ్చేలా లేదు. వాడక్కడ చాలాసేపు కూర్చుని ఇంటికొచ్చాడు.

"ఎలా ఉందిరా?" అంది తల్లి.

"బాగుందమ్మా. పట్టుకుంది."

"అంచు పట్టుకుని లాగి చూశావా? వేళ్ళు దిగితే పెళ్ళ పైకి రాదు."

"లాగా. రాలేదు. పచ్చగా ఉందమ్మా, మంచి పచ్చగా."

చున్మే కొడుకు మొహంలోకి చూసింది. కిటికీలోంచి మున్ వాళ్ళ కొండ కనిపిస్తోంది, ఎండుగడ్డి రంగులో. "మే నెల మొదట్లో ఈ కొండల్లో పచ్చ గడ్డి ఎక్కడుందిరా?" అంది మెల్లగా. "నా కడుపున పుట్టి అబద్ధమాడటం కూడా నేర్చుకోలేదు నువ్వు. చెప్పు. పందులా?"

కిసోప్ తల వంచుకున్నాడు. ఆమె కోప్పడలేదు. గోడ వైపు తిరిగి ఏడ్చింది. చిన్నపిల్ల ఏడ్చినట్టు, "అమ్మా, అమ్మా" అని ఏడ్చింది. అమ్మ పోయిననాడు పెద్దవాళ్ళ కాళ్ళకి అడ్డం పడకూడదని ఆపుకున్న ఏడుపు అదంతా అయి ఉంటుంది.

సాయంత్రం వాడికి అన్నం తినమని చెప్పి, ఒక మాట తీసుకుంది.

"నేను పోయాక నా మీద వేద్దామనుకునే పచ్చిక ముందు ఆవిడ మీద వెయ్యి. అది పట్టుకున్నాకే నాకు. అంతదాకా నన్ను బోడిగా ఉంచు."

"ఇద్దరికీ ఒకేసారి వేస్తానమ్మా."

"నీకు అంత ఓపిక లేదు, నాకు తెలుసు. దగ్గరున్నది చూసుకుని దూరంగా ఉన్నది మర్చిపోతావు. నన్ను బోడిగా ఉంచితే, నా మీద జాలితోనైనా కొండెక్కుతావు. మాటివ్వు."

వాడు ఇచ్చాడు. ఆకులు రాలేవేళకి చున్మే పోయింది.

మరుసటి చద్దన్నం రోజున, లోయ ఎగువన ఎవరి పొలంలోనో అడిగి కోసుకున్న గడ్డిపెళ్ళల మోపుతో కిసోప్ కొండ దాటాడు. వేసింది సగం చచ్చింది. ఆ పై ఏడు మళ్ళీ వేశాడు. పందులకి కంచె కట్టాడు. తన చొక్కాలు కూడా వేలాడదీశాడు. మంచు పొంగిన ప్రతి పొద్దునా వెళ్ళి తొక్కాడు. ఈలోపు మున్ వాళ్ళ కొండ మీద బోంగ్సు పచ్చగానూ, పక్కన చున్మే ఉత్త మట్టిగానూ ఉండిపోయారు. మా ఊరి నోరు ఊరుకుంటుందా? "ఊరందరికీ సమాధి మీద పచ్చిక పెంచడం చూపిన మనిషి, ఆవిడకే గతి లేదు చూడు." "కన్నతల్లి మీద గుప్పెడు గడ్డి వెయ్యలేని కొడుకు కొడుకేనా?" దుంపల మార్కెట్టులో ఎదురుగానే అన్నారు. వాడు బస్తాలు ఎక్కించుకుని వచ్చేసేవాడు.

ఆ వేసవి, జూన్‌లో, కిసోప్ చీలిన బండ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఒక పెళ్ళ అంచు పట్టుకుని లాగాడు. రాలేదు. పక్కది లాగాడు. అదీ రాలేదు. దిబ్బ చుట్టూ పాకుతూ ఒక్కొక్క అంచూ లాగి చూశాడు. అన్నీ నేలని కరుచుకుని ఉన్నాయి. పచ్చగా ఉన్నాయి, మంచి పచ్చగా.

"పట్టుకుందే అమ్మా!" అంటూ వెనక్కి తిరిగాడు. వెనక అడవి తప్ప ఎవరూ లేరు.